మృత్యువు గుర్రం: డ్యూరర్ చెక్క అచ్చులో ఒక మూలను మళ్ళీ చెక్కిన పని డైరీ

ఏం చెక్కుతున్నాం

జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1498లో న్యూరెంబర్గ్ నుంచి, బైబిల్ చివరి భాగమైన ప్రకటన గ్రంథాన్ని పుస్తకంగా తెచ్చాడు. లాటిన్‌లో ఒకటి, జర్మన్‌లో ఒకటి. అందులో పేజీ నిండా ఉండే చెక్క అచ్చు బొమ్మలు 15. ప్రచురణకర్త కూడా ఆయనే. ఆ బొమ్మల్లో అందరికీ తెలిసింది ఆరో అధ్యాయంలోని నలుగురు గుర్రపు రౌతులది. విల్లు పట్టినవాడు, కత్తి ఎత్తినవాడు, త్రాసు ఊపుతున్నవాడు, వాళ్ళకు కాస్త దిగువన ముందుకొచ్చిన మృత్యువు.

బొమ్మ మొత్తం సుమారు 39 × 28 సెంటీమీటర్లు. నేను చెక్కింది కింద ఎడమ మూల మాత్రమే: 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు, అంటే 300 చదరపు సెంటీమీటర్లు. పరిమాణం మార్చలేదు. పెద్దది చేస్తే పని తేలికవుతుంది కానీ, ఆ సైజులో అంత సన్న గీత చెక్కలో ఎలా నిలిచింది అన్న అసలు ప్రశ్నకు జవాబు దొరకదు.

ఈ మూలనే ఎందుకంటే, నా ఉద్దేశంలో పదిహేను బొమ్మల్లోనూ గీత ఇంత నిర్దయగా పనిచేసిన చోటు ఇంకోటి లేదు. డ్యూరర్ మృత్యువును అస్థిపంజరంగా వేయలేదు. గడ్డం పెరిగిన, బక్కచిక్కిన ముసలివాడిగా వేశాడు. చేతిలో పంగల శూలం. కింద ఎముకలు బయటపడ్డ గుర్రం. దాని కిందే పాతాళం నోరు తెరుచుకుని, కిరీటం పెట్టుకున్న ఒక పెద్దమనిషిని మింగుతోంది. గ్రంథంలో తెల్లది, ఎర్రది, నల్లది, పాలిపోయినది అని నాలుగు గుర్రాలకూ రంగులు చెప్పారు. అచ్చులో రంగే లేదు. పాలిపోయిన గుర్రాన్ని ఒట్టి నల్ల గీతలతో పాలిపోయినట్టు చూపించాలి. 1528లో పండితుడు ఎరాస్మస్ డ్యూరర్‌ను మెచ్చుకున్నది కూడా ఈ విషయంలోనే: రంగులతో చేయాల్సిన పనులు ఆయన నల్ల గీతలతోనే చేశాడని.

దశ 1: మూలం ఎంచుకోవడం

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న ఈ అచ్చు ప్రతి స్కాన్‌ను ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెట్టింది. వేరే మ్యూజియాల ప్రతులూ దొరుకుతాయి. ఏ ప్రతి తీసుకున్నామన్నది చాలా ముఖ్యం. అచ్చు చెక్కిన కర్ర దిమ్మ అరిగాక, పగిలాక తీసిన ప్రతిలో గీతలు లావెక్కి ఉంటాయి, చుట్టూ ఉండే హద్దు గీతలో ఖాళీలు కనిపిస్తాయి. అలాంటి ప్రతిని చూసి చెక్కితే, అరుగుదలను కూడా డ్యూరర్ గీత అనుకుని చెక్కుతాం.

చూసుకోవాల్సినవి:

1. హద్దు గీత నాలుగు వైపులా తెగకుండా ఉందా.
2. సన్న గీతల మొనలు సూదిగా ఉన్నాయా, మొద్దుబారి ఉన్నాయా.
3. వెనక పేజీ అక్షరాల నీడ పడుతోందా. పుస్తకంలో బొమ్మల వెనక వాక్యం అచ్చయి ఉంటుంది, ఆ నీడను గీతగా పొరబడకూడదు.
4. తెల్లటి గుండ్రటి చుక్కలు ఉన్నాయా. ఉంటే అవి పురుగు తొలిచిన రంధ్రాలు, ఆ ప్రతి తరువాతి కాలానిది.

అసలు సైజులో ప్రింటవుట్ తీసి భూతద్దం కింద స్కేలు పెట్టాను. దట్టమైన చోట సెంటీమీటరుకు సుమారు 10 గీతలు. గీత 0.3 మిల్లీమీటర్లు ఉంటే, మధ్య తెల్ల సందు 0.7. మిగతా నిర్ణయాలన్నీ ఈ రెండు అంకెల మీదే ఆధారపడ్డాయి.

ఏ, డి అక్షరాలు కలిసిన ఆయన ముద్ర బొమ్మ కింద మధ్యలో ఉంటుంది. నా హద్దులో అది సగం పడుతోంది. వదిలేశాను. మార్కాంటోనియో రైమండి అనే ఇటలీ చెక్కుడు పనివాడు డ్యూరర్ అచ్చులను రాగి రేకు మీద నకలు చేస్తూ ఆ ముద్రనూ చెక్కేస్తే, డ్యూరర్ వెనిస్ ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాడని, ముద్ర వాడకూడదని మాత్రం తీర్పు వచ్చిందని, చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి రాశాడు. ఇప్పుడు నకలు చేసేవాళ్ళకు కూడా ఆ నియమం సరిపోతుంది: బొమ్మ చెక్కండి, సంతకం చెక్కకండి.

దశ 2: కర్ర

యూరప్‌లో ఈ పనికి బేరి చెట్టు కర్ర వాడేవారు. మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న డ్యూరర్ దిమ్మ, బైబిల్ వీరుడు సమ్సోను బొమ్మది, కూడా బేరి కర్రదే. గీతకు కావాల్సింది మూడు గుణాలు: రంధ్రాలు కనిపించని నునుపు, ఎటు కోసినా ఒకేలా తెగడం, మొన విరగని గట్టిదనం. మన దగ్గర బేరి పలక దొరకదు కాబట్టి, చెక్కుడు పనికి మనవాళ్ళు వాడే మూడు కర్రల్ని 8 × 8 సెంటీమీటర్ల ముక్కలుగా తెచ్చి పరీక్షించాను. ప్రతిదాని మీదా ఒకే పరీక్ష: నార వెంబడి పది గీతలు, నారకు అడ్డంగా పది గీతలు, ఒక వంపు, మిల్లీమీటరు వెడల్పున్న ఒక తెల్ల సందు.

1. టేకు. పెడన కలంకారీ అచ్చులకు వాడేది ఇదే. బట్ట మీద పడే లావు గీతకు దీన్ని మించింది లేదు. కాగితం మీద మాత్రం దాని రంధ్రాలు గీతలో తెల్ల నలకల్లా పడ్డాయి. టేకులో సిలికా ఉంటుంది, కత్తి పదును గీతల వరస పూర్తయ్యేలోపే పోయింది.
2. తెల్ల పొణికి. కొండపల్లి బొమ్మల కర్ర. చెక్కుతుంటే హాయిగా ఉంటుంది కానీ మెత్తన ఎక్కువ. కత్తి కోయకుండా నొక్కేస్తుంది. 0.3 గీత అచ్చు వేసేటప్పుడే నలిగి 0.5 అయింది.
3. అంకుడు. ఏటికొప్పాక లక్క బొమ్మల కర్ర. దంతం రంగు, సన్నటి నార, రంధ్రాలు కంటికి ఆనవు. నార వెంబడి పదికి పది గీతలు నిలిచాయి, అడ్డంగా ఏడు నిలిచాయి.

అంకుడే ఖాయం. ఒక్కటే ఇబ్బంది, చెట్టు లావుగా పెరగదు. ఆరిన కర్రలో నాకు దొరికిన పలకల వెడల్పు 5 సెంటీమీటర్లకు కాస్త పైన. కాబట్టి అతుకు తప్పదు.

ఇప్పటిదాకా ఖర్చు: పరీక్ష ముక్కలకు 240 రూపాయలు.

దశ 3: దిమ్మ తయారీ

మొదటి దిమ్మ: మూడు పట్టీలు నిలువుగా నిలబెట్టి, తెల్ల జిగురుతో అతికించి, క్లాంపులు బిగించి, వడ్రంగి మేస్త్రితో చిత్రిక పట్టించాను. మందం 22 మిల్లీమీటర్లు. వాన పట్టాక దిమ్మ వంగింది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే మధ్యలో 1.5 మిల్లీమీటర్ల పల్లం. అచ్చులో ఆ మేరకు మధ్య భాగం అసలు పడదు. దానికి తోడు ఆకాశం గీతలు 31 చదరపు సెంటీమీటర్ల మేర చెక్కాక ఇంకో సంగతి బయటపడింది. ఆ గీతలన్నీ అడ్డ గీతలు, నారేమో నిలువు. ప్రతి గీతా పొట్టి పొట్టి నార ముక్కల వరసలా నిలుస్తోంది. ఉలి పక్కన ఆనితే చాలు, ముక్క ఎగిరిపోతోంది.

మేస్త్రికి చూపిస్తే వెంటనే చెప్పాడు: "సార్, పట్టీలు అన్నీ ఒకే వైపు తిప్పి అతికించారు. అన్నీ కలిసి ఒకే వైపు లాగుతున్నాయి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పెట్టండి. లాగుడు లాగుడుకి సరిపోతుంది."

రెండో దిమ్మ:

1. పట్టీలు అడ్డంగా. 15 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, నాలుగు. నార ఇప్పుడు ఆకాశం గీతల వెంబడే నడుస్తుంది.
2. కోసిన చివరన కనిపించే వలయాల వంపు ఒకదానికి పైకి, పక్కదానికి కిందికి.
3. అతికించే ముందు పట్టీలను చెక్కే గదిలోనే, గాలి ఆడేలా పుల్లల మీద పేర్చి ఆరనివ్వడం. బయట ఆరబెట్టి లోపలికి తెస్తే మళ్ళీ కదులుతాయి.
4. అతుకులు గుర్రం ముఖం మీద గానీ మృత్యువు ముఖం మీద గానీ పడకుండా కొలత చూసుకోవడం. నాకు ఒక అతుకు గుర్రం పొట్ట మీద పడింది. అక్కడ గీతలు దట్టం కాబట్టి కనబడదు.
5. వెనక వైపు రెండు అడ్డ బద్దలు, జిగురు లేకుండా స్క్రూలతో. స్క్రూ రంధ్రం కాస్త పొడవుగా ఉంచితే కర్ర కదలడానికి చోటు ఉంటుంది.

దీని పల్లం 0.3 మిల్లీమీటర్లు. దాన్ని అచ్చు వేసేటప్పుడు సరిచేయొచ్చు.

ఖర్చు: మొదటి విడత పలకలు 900, జిగురు 90, చిత్రిక కూలి 400, రెండో విడత పలకలు 600. ఇప్పటిదాకా మొత్తం 2,230 రూపాయలు. చెక్కింది: సున్నా. మొదటి దిమ్మ మీది 31 లెక్కలో లేవు.

దశ 4: బొమ్మను కర్ర మీదికి ఎక్కించడం

ఆ రోజుల్లో కర్ర మీదే కలంతో నేరుగా బొమ్మ గీసేవారు. మనం స్కాన్ నుంచి ఎక్కించాలి, అదీ ఎడమ కుడి తారుమారుగా.

కార్బన్ కాగితం పెట్టి గీసి చూశాను. గీతకు అటూ ఇటూ కలిపి 0.2 మిల్లీమీటర్లు లావెక్కింది. అంతకంటే పెద్ద నష్టం, గీత మధ్యలో ఉబ్బి చివర్లో సన్నబడే తీరు పోయింది. అన్నీ తీగలు లాగినట్టు ఒకే లావులో వచ్చాయి. డ్యూరర్ గీతలో ప్రాణమంతా ఆ ఉబ్బులోనే ఉంది.

తరువాత ప్రింటవుట్‌కే మైదా జిగురు రాసి బోర్లా అతికించాను. తడికి కాగితం సాగింది. 20 సెంటీమీటర్ల మీద 1.5 మిల్లీమీటర్ల తేడా.

చివరికి నిలబడ్డ పద్ధతి ఇది:

1. బొమ్మను తిప్పకుండా ఉన్నదున్నట్టు, పలుచటి టిష్యూ కాగితం మీద లేజర్ ప్రింట్ తీయాలి. టిష్యూను మామూలు కాగితానికి అంచులు అతికించి ప్రింటర్‌లోకి పంపాలి. ఇంక్‌జెట్ ప్రింట్ పనికిరాదు, తడి తగిలితే రంగు పారుతుంది.
2. గంజి పలుచగా కాచి, కర్రకే రాయాలి, కాగితానికి రాయకూడదు. అరచేత్తో తుడిచేసినంత పలుచగా.
3. బొమ్మ వైపు కిందికి పెట్టి, మధ్య నుంచి అంచులకు ఒత్తాలి.
4. పూర్తిగా ఆరాక, తడి వేలితో పైపొరను మెల్లగా రుద్ది తీయాలి. గీతలు స్పష్టంగా కనిపించగానే ఆపాలి.
5. ఒక చుక్క నూనె రుద్దితే మిగిలిన పొర అద్దంలా అవుతుంది.

తేడా 0.4 మిల్లీమీటర్లకు తగ్గింది. దిశ సరిచూసుకోవడానికి గుర్తు: అచ్చులో రౌతులు ఎడమ నుంచి కుడికి దూసుకెళతారు. దిమ్మ మీద గుర్రం ముఖం ఎడమ వైపు ఉండాలి.

ఖర్చు 150. మొత్తం 2,380 రూపాయలు.

దశ 5: చెక్కుడు

పనిముట్లు: ఒక వైపే పదును ఉన్న 4 మిల్లీమీటర్ల కత్తి, 1, 2, 6, 10 మిల్లీమీటర్ల గుండ్రటి ఉలులు. 1000, 6000 నంబర్ల సానరాళ్ళు, చివరి మెరుగుకు తోలు పట్టీ. 10 రెట్ల భూతద్దం. టేబుల్ అంచుకు తగిలించుకునే ఆపుడు చెక్క. నిజానికి పనిలో ముప్పాతిక కత్తిదే, ఉలులు ఖాళీలు తీయడానికి.

ఖర్చు: కత్తి, ఉలులు 2,600, రాళ్ళు 1,100, భూతద్దం 450. మొత్తం 6,530 రూపాయలు.

చెక్క అచ్చులో నల్ల గీతను ఎవరూ చెక్కరు. దానికి రెండు వైపులా ఉన్న తెల్లదనాన్ని చెక్కుతారు, గీత మిగులుతుంది. వినడానికి చిన్న సంగతే. కత్తి పట్టాక ప్రతి నిర్ణయాన్నీ ఇదే నడిపిస్తుంది. ముఖ్యంగా గీత పాదం. కత్తిని నిలువుగా దించితే గీత పైనా కిందా ఒకే మందంలో, సన్న గోడలా నిలుస్తుంది. 0.3 మందమున్న గోడ పక్క సందు తీస్తుండగానే పడిపోయింది. కత్తి మొన కొద్దిగా గీత కిందికి దిగితే గీత పాదం ఇంకా సన్నబడి, అచ్చు ఒత్తిడికి మొత్తం ఊడింది. గీత పొలం గట్టులా ఉండాలి, పైన సన్నం, కింద వెడల్పు. అందుకు కత్తి పిడి గీత మీదికి వాలాలి, మొన గీతకు దూరంగా దిగాలి. నిలువుకు 20 నుంచి 25 డిగ్రీల వాలు నాకు సరిపోయింది. అంతకంటే వాలితే పక్క గీత పాదం తగులుతుంది, సెంటీమీటరుకు పది గీతలున్న చోట అంత స్థలం లేదు.

ఒక గీతకు వరస:

1. గీత కుడి అంచు వెంబడి, లావు వైపు నుంచి మొన వైపు కోత.
2. దిమ్మను తిప్పాలి, చేతిని తిప్పకూడదు. ఎడమ అంచు వెంబడి అదే వాలులో కోత. రెండు కోతలూ మొన దగ్గర కలవాలి.
3. పక్క గీతకూ అంతే. ఇప్పుడు రెండు గీతల మధ్య ఇంగ్లిష్ వీ అక్షరం ఆకారంలో సందు తెగి ఉంటుంది. కత్తి మొనతో లేపితే పోగులా వస్తుంది.
4. లోతు: దట్టమైన చోట 0.5 మిల్లీమీటర్లు చాలు. సందు 3 మిల్లీమీటర్లు దాటితే లోతు 2, పెద్ద ఖాళీల్లో 4. తక్కువైతే కాగితం కుంగి మసి అంటుకుంటుంది.

ముందు చిన్న సందులు, చివర్లో పెద్ద ఖాళీలు. చుట్టూ కర్ర నిండుగా ఉన్నంతసేపూ సన్న గీతకు ఆసరా ఉంటుంది. పెద్ద ఖాళీ ముందే తీస్తే దాని అంచు గీత ఒంటరిగా నిలబడి ప్రతి దెబ్బా తింటుంది.

గుర్రం డొక్క దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది. అక్కడ ప్రతి ఎముకా చిన్న వంపు గీతల వరస. ఒక్కో గీత ఒక చివర ఎముక అంచు గీతను పట్టుకుని ఉంటుంది, రెండో చివర తెల్లదనంలోకి వెళ్ళి సూదిలా ఆగిపోతుంది. అంచును పట్టుకున్న వైపు గట్టిది, గాలిలో ఆగిన మొన బలహీనం. విరిగినవన్నీ ఆ మొనల దగ్గరే. మార్చింది ఏమిటంటే, మొనలను ఒక మిల్లీమీటరు పొడవు ఎక్కువ ఉంచి చెక్కి, వరస మొత్తం శుభ్రమయ్యాక చివర్లో ఒక్కొక్కటీ అసలు కొలతకు కత్తిరించాను. విరుగుళ్ళు దాదాపు ఆగిపోయాయి.

ఈ పని చేస్తుండగానే పాలిపోయిన గుర్రం రహస్యం చేతికి తెలిసింది. కత్తి రౌతు, త్రాసు రౌతుల గుర్రాల కండల మీద గీతలు పొడవుగా, ఒంపు వెంట నిండుగా సాగుతాయి. మృత్యువు గుర్రం మీద గీతలు పొట్టివి, మధ్యలో తెగుతాయి, ఎముకకూ ఎముకకూ మధ్య తెల్ల మచ్చ మిగులుతుంది. రంగు చెప్పే పని ఆ తెల్ల మచ్చ చేస్తోంది. ప్రింటవుట్‌ను ఎంత చూసినా ఇది నాకు ఇంత స్పష్టంగా కనబడలేదు.

చెక్కింది: మృత్యువు, గుర్రం 104. పాతాళం నోరు 46, కలిపి 150. ఆకాశం 70, కలిపి 220. గిట్టల కింద పడ్డ జనం 80, కలిపి 300 చదరపు సెంటీమీటర్లు. ఆకాశానికి నార కలిసొచ్చింది, అన్నిటికంటే వేగంగా సాగింది. పాతాళం నోటి పళ్ళు విస్తీర్ణంలో చిన్నవి, టెన్షన్‌లో మాత్రం అన్నిటికంటే పెద్దవి. తెల్ల పన్ను చుట్టూ నలుపు, ఆ నలుపులో మళ్ళీ తెల్ల గీతలు.

దశ 6: విరిగినదాన్ని తిరిగి పెట్టడం

మృత్యువు శూలం మొన ఒకటి, నారకు సరిగ్గా అడ్డంగా పడ్డది, ఊడిపోయింది. పాత అచ్చు పనివాళ్ళు ఇలాంటి చోట దిమ్మకు రంధ్రం చేసి కొత్త కర్ర బిళ్ళ దిగ్గొట్టేవారు. అదే చేశాను.

1. విరిగిన చోట 4 మిల్లీమీటర్ల రంధ్రం, 8 లోతు.
2. అదే పలక తుంట నుంచి బిళ్ళ. నార పైముఖం మీదికి వచ్చేలా, చుట్టూ ఉన్న నార దిశలోనే తిప్పి పెట్టాలి. పుల్లలా నిలువు నారతో పెడితే సిరా వేరేగా పీలుస్తుంది.
3. జిగురు, ఒక రాత్రి ఆరుదల, పదునైన ఉలితో పైముఖం సమం చేయడం.
4. గీత మళ్ళీ గీసి, మళ్ళీ చెక్కడం.

దిమ్మ మీద తీసేయడం తేలిక, తిరిగి చేర్చడమే కష్టం. దీనికి మంచి ఉదాహరణ జర్మన్ చిత్రకారుడు లూకాస్ క్రానాక్. మత సంస్కర్త లూథర్ జర్మన్‌లోకి తెచ్చిన బైబిల్ కొత్త నిబంధన 1522 సెప్టెంబరులో విట్టెన్‌బర్గ్‌లో అచ్చయింది. అందులో ప్రకటన గ్రంథానికి 21 బొమ్మలు. క్రానాక్, ఆయన పనివాళ్ళు డ్యూరర్ బొమ్మల ఆధారంతోనే వాటిని తయారుచేశారు. ఆ గ్రంథంలో చెడుకు గుర్తులైన మృగం తల మీదా బబులోను స్త్రీ తల మీదా, కేథలిక్ మతాధిపతి పోపు పెట్టుకునే మూడంతస్తుల కిరీటం పెట్టారు. గొడవైంది. డిసెంబరు ముద్రణకల్లా ఆ దిమ్మల మీద పై అంతస్తులు చెక్కేసి మామూలు కిరీటాలు చేశారు. పోపు గుర్తు చెరిపేయడానికి కొత్త దిమ్మ అక్కర్లేకపోయింది, ఉలి చాలింది. అదే తలకు కిరీటం కొత్తగా చేర్చాలంటే పై నాలుగు మెట్లూ ఎక్కాల్సిందే.

దశ 7: సిరా, కాగితం, ఒత్తిడి

మొదట నీటి సిరా వాడాను. మన ఎండకు గాజు పలక మీదే ఆరిపోయింది. గీతల మధ్య గట్టిపడి సందులు పూడాయి. నూనె సిరాకు మారాను. డ్యూరర్ నాటి సిరా కూడా కాచిన అవిసె నూనె, దీపపు మసి కలిపిందే. వాళ్ళు తోలు ఉండలతో అద్దేవారు, నేను గట్టి రబ్బరు రోలర్ వాడాను. మెత్తటి రోలర్ సందుల్లోకి దిగి తెల్లదనాన్ని తినేస్తుంది. గాజు మీద రోలర్ తిప్పుతుంటే సన్నగా చిటపటమనే చప్పుడు రావాలి. బంక చప్పుడు వస్తే సిరా ఎక్కువైనట్టు.

ఒత్తిడికి ముందు స్టీలు గరిటె వెనక భాగంతో, పొడి కాగితం మీద రుద్దాను. గుర్రం మచ్చలు మచ్చలుగా వచ్చింది. డ్యూరర్‌కు ముందు తరంలో, బొమ్మా అక్షరాలూ ఒకే దిమ్మ మీద చెక్కిన ప్రకటన గ్రంథాలు ఇలా రుద్దే వేసేవారు. పలుచటి గోధుమరంగు నీటి సిరా, కాగితానికి ఒక వైపే అచ్చు. ఆ బొమ్మల్లో గీతలు లావు, దూరం దూరం కాబట్టి సరిపోయింది. సెంటీమీటరుకు పది గీతలకు రుద్దుడు చాలదు. ప్రెస్ కావాలి, తడి కాగితం కావాలి.

తడి ఎంత అన్నది చేత్తో చెప్పడం కష్టం కాబట్టి తూకం వేశాను. కాగితం 24 × 30 సెంటీమీటర్లు, చేతి తయారీ, పొడిగా 8.6 గ్రాములు.

1. తడిపాక 9.4 గ్రాములు: ఆకాశం గీతలు తెగి తెగి వచ్చాయి.
2. 10.8 గ్రాములు: అన్ని గీతలూ నిండుగా, అంచులు పదునుగా.
3. 13 గ్రాములు: నూనె సిరా కాగితం మీద కూర్చోలేదు, బూడిద రంగు.

10.8 దగ్గర ఆగాను. కాగితాలను ఒకటి వదిలి ఒకటి తడిపి, దొంతిగా ప్లాస్టిక్ కవరులో రాత్రంతా బరువు కింద పెడితే తడి సమంగా పాకుతుంది.

ప్రెస్ నా దగ్గర లేదు. పుస్తకాల బైండింగ్ షాపులో ఉండే ఇనుప స్క్రూ ప్రెస్ దీనికి సరిపోతుంది. దిమ్మ, దాని మీద కాగితం, దాని మీద రెండు పొరల ఉన్ని గుడ్డ, ఒక ప్లైవుడ్ ముక్క, ఆపైన స్క్రూ. ఆ 0.3 పల్లం ఇక్కడ బూడిద మచ్చగా బయటపడింది. దిమ్మ వెనక బద్దల మధ్య, ఆ చోటు కిందే, పలుచటి కాగితం ముక్కలు మెట్లు మెట్లుగా అతికించాను. మూడు పొరలకు నలుపు సమమైంది.

ఖర్చు: సిరా 850, రోలర్ 950, కాగితం 700, ప్రెస్ వాడుకున్నందుకు 500. మొత్తం 9,530 రూపాయలు.

దశ 8: మూలంతో పోలిక

భూతద్దం కింద పక్కపక్కన పెట్టి కొలిచినవి:

ఆకాశం గీత: మూలంలో 0.3, నా అచ్చులో 0.35. చాలు.
డొక్క గీత మొన: మూలంలో 0.15 దాకా సన్నబడుతుంది, నాది 0.25 దగ్గర ఆగింది.
పాతాళం పళ్ళ మధ్య తెల్ల గీతలు: మూలంలో అన్నీ విడివిడిగా, నావి రెండు చోట్ల పూడాయి.
మృత్యువు గడ్డం: వెంట్రుకల గీతలు నిలిచాయి, వాటి చివర్లు మొద్దు.

దీన్ని బట్టి రెండు మార్పులు చేశాను. సిరా పొరను తగ్గించి, ఒక్కో అచ్చుకు రోలర్ రెండు సార్లు పలుచగా వేశాను. డొక్క మొనలను భూతద్దం కింద మళ్ళీ ఒక్కొక్కటీ రెండు వైపులా గీరి సన్నం చేశాను. తరువాతి అచ్చులో మొన 0.2కి వచ్చింది. పళ్ళ దగ్గర పూడినవి సిరా తగ్గించగానే తెరుచుకున్నాయి, అక్కడ ఉలి పెట్టనక్కర్లేకపోయింది. కాబట్టి ఈ పని చేసేవాళ్ళు, సందు పూడితే ముందు సిరా తగ్గించి చూడండి, ఆ తరువాతే కత్తి తీయండి.

గడ్డం అలాగే ఉంచాను. ఆ చివర్లు నారకు అడ్డంగా ఉన్నాయి. ఇంకా సన్నం చేస్తే ఊడతాయి, ముఖం మీద బిళ్ళ వేయడం నాకు ఇష్టం లేదు.

దశ 9: దిమ్మను దాచడం

డ్యూరర్ దిమ్మలు ఆయన పోయాక కూడా చాలాకాలం వాడుకలో ఉన్నాయి. ఆ తరువాతి అచ్చుల్లో కనిపించే తెల్ల చుక్కలు పురుగు రాసినవే. అంకుడు తెల్ల కర్ర, చేవ లేదు. మన వాతావరణంలో పురుగు ఇంకా తొందరగా పడుతుంది.

1. అచ్చు అయిన వెంటనే వంటనూనెతో సిరా కరిగించి, పళ్ళు తోమే పాత మెత్తటి బ్రష్‌తో గీతల వెంబడే తుడవాలి, అడ్డంగా కాదు. నీళ్ళు వద్దు, అతుకులు కదులుతాయి.
2. ఒక రాత్రి ఆరనిచ్చి, వెనక వైపూ అంచులకూ మాత్రమే వేపనూనె. ముఖం మీద రాస్తే తరువాతి సిరా సరిగా అంటదు.
3. గుడ్డలో చుట్టి, కర్పూరంతో కలిపి, నిలబెట్టి పెట్టాలి. పడుకోబెడితే ఒక వైపే గాలి తగిలి మళ్ళీ వంగుతుంది.
4. వానాకాలంలో నెలకోసారి తీసి, కింద పొట్టు రాలిందేమో చూడాలి. పొట్టు కనిపిస్తే ఎండలో పెట్టకూడదు, పగుళ్ళు వస్తాయి. ప్లాస్టిక్ కవరులో గాలి లేకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచి, కవరు విప్పకుండానే గది వేడికి రానిచ్చి, అప్పుడు బయటికి తీయాలి.